పాత బండికి క్రొత్త బెల్టు

నెల్లూరు సీమలో సముద్రతీరము వెంబడి మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె, తూపిలిపాలెము మున్నగు పల్లెలు కలవు. అచ్చటి మత్స్యకారులు తెల్లవారకమునుపే పడవలను కడలిలోనికి త్రోయుదురు. పడవ కదలుటకు ముందు అనుభవజ్ఞుడైన పెద్ద యొకడు లంగరు త్రాటిని రెండు చేతులతో సాగలాగి చూచును. ఎచ్చటనైనను పోగు తెగినదేమో, ఎండకు పెళుసెక్కినదేమో, ముడి వదులైనదేమో పరీక్షించును. అనుమానము తోచిన త్రాటిని ఆ దినము పడవ నెక్కనీయడు. ఒడ్డున తెగిన త్రాటివలన పోవునది కొంత ధనము మాత్రమే. నడిసంద్రమున తెగిన త్రాటివలన ప్రాణములే పోవచ్చును.

ఆ పల్లెలకు పడమటి దెసను, సముద్రమునకు ఇంచుమించు సమాంతరముగా, కోల్‌కతా నుండి చెన్నైకి పోవు 16వ జాతీయ రహదారి సాగుచున్నది. కావలి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ అను ఊళ్లు ఆ దారి మీదనో దాని చెంతనో యున్నవి. రేయింబవళ్లు ఈ బాటపై లారీలును, బస్సులును, కార్లును పరుగులు తీయుచుండును. వానిలో పాతబండ్లును కలవు. 2014వ సంవత్సరముతో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు, మారుతి 800 కార్లు నేటికిని అచ్చటచ్చట కానవచ్చుచున్నవి. అట్టి బండ్ల తలుపు తెరచి చూచినచో ఒకదానిలో సీటు బెల్టు అంచులు పీచుపీచుగా లేచియుండును. ఒకదానిలో బకిలు పట్టదు. మఱియొకదానిలో బెల్టును సీటు వెనుకకు త్రోసి మఱచియుందురు. లంగరు త్రాటిని అంత శ్రద్ధగా చూచు తీరమునందే ఈ త్రాటిని చూచువారు అరుదు. ఇదియు ప్రాణమును నిలుపు త్రాడే. ఇది యెట్లు పనిచేయునో, ఎందువలన చెడునో, చెడినప్పుడు ఏమి చేయవలెనో తెలిసికొనుట ప్రతివానికిని అవసరము.

కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. అందు కూర్చున్నవాడు కదలక మెదలక యున్నట్లు తోచినను, వాడును అదే వేగముతో, అనగా సెకనుకు సుమారు 17 మీటర్ల చొప్పున ముందుకు పోవుచునే యున్నాడు. కారు దేనినైన ఢీకొని ఆగినచో ఆగునది కారు మాత్రమే. కదలుచున్న వస్తువు, మఱియొక బలము తన్ను ఆపువఱకును, కదలుచునే యుండునని న్యూటను మొదటి చలనసూత్రము చెప్పుచున్నది. మానవదేహమునకును ఆ సూత్రమే వర్తించును. వానిని ఆపు బలము బెల్టునుండి రానిచో చక్రమునుండియో, ముందరి అద్దమునుండియో, రోడ్డు మీది రాతినుండియో రావలెను. ఆ వేగముతో గట్టి వస్తువునకు తగులుట, సుమారు 14 మీటర్ల ఎత్తునుండి, అనగా నాలుగంతస్తుల మేడపైనుండి, నేలపై పడుటతో సమానము.

బెల్టు చేయు పని యేమి? అది దేహమును ఒక్కపెట్టున ఆపదు. కారు ముందుభాగము నలుగుచుండగా, పట్టీ కొంచెము సాగుచుండగా, దేహము అర మీటరు దూరమున క్రమముగా ఆగును. అట్లయినను 60 కిలోల మనిషిని ఆపుటకు సుమారు 1,700 కిలోల బరువుతో సమానమైన బలము కావలెను. మారుతి 800 కారు బరువు సుమారు 650 కిలోలు మాత్రమే. అనగా అట్టి కార్లు రెండింటిని పైకెత్తగల బలమును ఆ సన్నని పట్టీ క్షణకాలము భరింపవలసి యున్నది. చేతులతో చక్రమును గట్టిగా పట్టుకొందుమను ధీమా ఎంత వట్టిదో దీనివలన తెలియగలదు. పది కిలోల పసిబిడ్డను ఒడిలో నుంచుకొన్న తల్లి, ఆ క్షణమున 280 కిలోల బరువును చేతులతో ఆపవలసివచ్చును. అది యే తల్లికిని సాధ్యము కాదు. కావున బిడ్డలకు వేరుగా, వారి వయస్సునకు తగిన సీటును బెల్టుతో బిగింపవలెను.

బెల్టు దేహముపై ఎచ్చట నుండవలెనను విషయమును తెలిసికొనుటకు చాల కాలము పట్టినది. 1954 డిసెంబరు 10వ తేదీన అమెరికాలోని న్యూమెక్సికో ఎడారియందు జాన్ స్టాప్ అను సైనిక వైద్యుడు రాకెట్టులు అమర్చిన బండిపై పట్టీలతో బిగింపబడి, గంటకు సుమారు 1,000 కిలోమీటర్ల వేగమునందుకొని, సెకనున్నరలోపల ఆగెను. కన్నులకు దెబ్బ తగిలినను ఆయన బ్రదికి బయటపడెను. దేహమును సరియైన పట్టీలతో బంధించినచో మహావేగమునుండి హఠాత్తుగా ఆగినను ప్రాణము నిలుచునని ఈ ప్రయోగము ఋజువు చేసినది. నాటి కార్లలో బెల్టు లుండినను అవి పెక్కింట నడుమునకు మాత్రమే చుట్టునవి. వానివలన తలయు ఱొమ్మును ముందుకు వ్రాలి దెబ్బతినుచుండెను. స్వీడను దేశపు ఇంజనీరు నిల్స్ బోలిన్, విమానములలో ఆపద్వేళ బయటికెగురు సీట్లను నిర్మించిన అనుభవము కలవాడు. అతడు 1958లో వోల్వో కార్ల సంస్థలో చేరి, మఱుసటి సంవత్సరమే మూడు చోట్ల బిగియు బెల్టును రూపొందించెను. దానిలో ఒక పట్టీ భుజమునుండి ఱొమ్ముమీదుగ ఏటవాలుగా దిగును. మఱియొకటి నడుము క్రింద అడ్డముగా పోవును. రెండును తుంటి ప్రక్కన ఒకే బకిలులో కలియును. దెబ్బ పడునది మెత్తని కడుపుమీద కాక, గట్టివైన తుంటి యెముకలమీదను, ఱొమ్ము యెముకలమీదను పడును. ఒంటిచేతితో క్షణములో పెట్టుకొనవచ్చును. ఈ కల్పనకు హక్కులు తమవే యైనను, ఇతర సంస్థలును వాడుకొనుటకు వోల్వో వారు అనుమతించిరి. నేడు ప్రపంచమున తిరుగు కార్లలో ఉన్నది ఆ బెల్టే.

బెల్టులో ముఖ్యముగా నాలుగు భాగములు కలవు. మొదటిది పట్టీ. ఇది సన్నని పాలియెస్టరు పోగులను దట్టముగ నేసి చేసినది. రెండవది బకిలు. పట్టీకి తగిలించిన లోహపు నాలుక దానిలో దూరి టక్కున బిగియును. మీట నొక్కినచో విడివడును. మూడవది పట్టీని తనలోనికి చుట్టుకొను పెట్టె. దీనిని మెకానిక్కులు రిట్రాక్టరు అందురు. దీనిలో గడియారపు చుట్టను పోలిన స్ప్రింగు ఒకటి పట్టీని ఎల్లప్పుడు లోనికి లాగుచుండును. దానితోపాటు చిన్న ఉక్కుగుండో, లోలకమో ఉండును. బండి హఠాత్తుగ ఆగినప్పుడు ఆ గుండు ముందుకు దొర్లి ఒక మీటను ఎత్తును. మీట పండ్లచక్రమున చిక్కుకొని చుట్టను తిరుగనీయదు. అందువలననే మెల్లగా వంగినప్పుడు బెల్టు మనతో వచ్చును, ఒక్కసారి కుదుపు కలిగినప్పుడు బిగిసికొనును. నాలుగవది బిగింపు. పట్టీ కొనలను, పెట్టెను, బకిలును బండి ఉక్కుదేహమునకు బిగించు బోల్టులును, ఆ బోల్టులు దిగిన చోటులును దీని క్రిందికి వచ్చును. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి బలహీనమైనను తక్కిన మూడింటి బలము వ్యర్థము. లంగరు ఎంత బరువైనను త్రాడు తెగినచో పడవ నిలువదు. త్రాడు ఎంత గట్టిదైనను కొయ్య ఊడినచో నిలువదు.

సముద్రతీరమున ఈ నాలుగింటికిని శత్రువులు హెచ్చు. ఉప్పుగాలి ఇనుమును త్వరగా త్రుప్పు పట్టించును. బోల్టు తల పైకి మెఱయుచునే యుండును. కాని కాలిక్రింది తివాచీని ఎత్తి చూచినచో, దాని చుట్టును రేకు పొరలుపొరలుగా లేచి, వ్రేలితో నొక్కినంతనే పొడియై రాలుట కద్దు. వానాకాలమున తడిసిన చెప్పులనుండి, ఇసుకనుండి చేరిన తేమ ఆ తివాచీ క్రింద దినములతరబడి నిలుచును. సన్నని ఇసుక బకిలులోనికి దూరి దాని స్ప్రింగు కదలికను అడ్డగించును. అప్పుడు నాలుక లోనికి పోయినట్లే యుండును కాని పూర్తిగా పట్టదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు పట్టీ పోగులను క్రమముగా పెళుసుబార్చును. వల పాతబడినకొలది రంగు వెలిసి బలము తగ్గునట్లే, అద్దము ప్రక్క నిత్యము ఎండలోనుండు పట్టీయు వెలిసి బలము కోల్పోవును. ఇవిగాక, ఒకసారి గట్టి ప్రమాదమునకు లోనైన బెల్టు పోగులు సాగిపోయి యుండును. కంటికి బాగుగ నున్నను మఱల అంతటి బలమును భరింపలేవు. అట్టిదానిని తప్పక తీసివేయవలెను.

నైపుణ్యమున్నవానికి బెల్టు అవసరము లేదని కొందఱు తలంతురు. ఆ తలంపు ఎంత ప్రమాదకరమో 2018వ సంవత్సరమున తెలుగువారికి బాధాకరముగ తెలిసివచ్చినది. సినీనటుడును, మాజీ పార్లమెంటు సభ్యుడును అయిన నందమూరి హరికృష్ణ, తన తండ్రి రామారావు ఎన్నికల పర్యటనలు సాగించిన చైతన్యరథమును స్వయముగ నడిపి, చేయితిరిగిన చోదకుడని పేరొందినవాడు. ఆయన ఆ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన నెల్లూరు జిల్లాలోని కావలిలో జరుగు వివాహమునకు హైదరాబాదునుండి కారు నడుపుకొనుచు బయలుదేరెను. తెల్లవారుజామున నల్లగొండ జిల్లా అన్నెపర్తి చెంత కారు అదుపుతప్పి బోల్తాపడెను. ఆయన బయటికి విసరివేయబడి, తీవ్రమైన గాయములతో మరణించెను. ఆయన బెల్టు ధరించి యుండలేదని నాడు పత్రికలన్నియు వ్రాసినవి. చేతి నేర్పు బండిని నడుపును కాని, బండి అదుపు తప్పిన పిమ్మట దేహమును నిలుపలేదు. బోల్తాపడిన బండిలో బెల్టుయొక్క మొదటి మేలు, మనిషిని బండిలోనే యుంచుట.

బెల్టు చెడినదని తెలిసినప్పుడు చాలమంది చేయునది మరమ్మతు. తెగిన పట్టీని దర్జీచేతనో, తోలుపనివానిచేతనో కుట్టింతురు. పొడవు హెచ్చినచో ముడి వేయుదురు. ఈ రెండును ప్రమాదకరములే. సూది దిగిన ప్రతిచోటను పోగులు తెగును. మామూలు దారమునకు అంతటి బలము నాపు శక్తి లేదు. ముడి పడినచోట పట్టీ మడతపడి తనను తానే కోసికొనును. కావున చెడిన బెల్టును బాగుచేయరాదు. పట్టీ, పెట్టె, బకిలు మూడింటిని కలిపి మార్చవలెను. ఒక సంస్థవారి నాలుక మఱియొక సంస్థవారి బకిలులో దూరినంతమాత్రమున పట్టునని నమ్మరాదు. పాతబండ్ల సామగ్రి అమ్ము అంగళ్లలో చౌకగా దొరకు పాతబెల్టు ఏ ప్రమాదమునకు లోనైన కారునుండి ఊడదీసినదో ఎవ్వరికిని తెలియదు. ఆ బండికి తగినట్లు తయారైన క్రొత్తదానినే కొనవలెను. ఎడమ సీటు బెల్టునకును కుడి సీటు బెల్టునకును భేదముండును కావున అదియు చూచుకొనవలెను.

మార్చు పద్ధతి కష్టమైనది కాదు కాని ఓర్పు కావలెను. మంచి మెకానిక్కు మొదట పాతబెల్టు ఏ చోట, ఏ దిక్కునకు, ఎన్ని వాషరులతో బిగించియున్నదో బొమ్మ గీసికొనును, లేక ఫొటో తీసికొనును. పిదప రెండు తలుపుల నడుమనున్న స్తంభముపై ప్లాస్టిక్కు మూతను విఱుగకుండ తొలగించును. త్రుప్పుపట్టిన బోల్టునకు నూనె పోసి కొంతసేపు నాననిచ్చి, సరియైన కొలత గల పానాతో విప్పును. చాల కార్లలో ఈ బోల్టు అంగుళములో 7/16 వంతు లావు కలిగి, ప్రత్యేకముగ గట్టిపఱచిన ఉక్కుతో చేయబడియుండును. అది పోయినదని ఇనుపసామాను అంగడిలో దొరకు మామూలు బోల్టును వాడరాదు.

బోల్టు తీసిన పిమ్మట చేయవలసిన పరీక్ష అన్నిటికంటె ముఖ్యమైనది. బోల్టు దిగిన చోట రేకును గీకి, సుత్తితో మెల్లగ కొట్టి చూడవలెను. గట్టి ఉక్కు ఖణేలుమనును. త్రుప్పుపట్టినది బొద్దుగ పలుకును. రేకు చెడియున్నచో దానిని కోసి క్రొత్త ఉక్కుపలకను అతికించువఱకు బెల్టు బిగింపరాదు. చెదలు తిన్న దూలమునకు ఉయ్యాల కట్టువా డుండడు గదా! తయారైననాడే బెల్టు లేని మిక్కిలి పాతబండ్ల విషయమున మఱింత జాగ్రత్త అవసరము. సన్నని రేకునకు రంధ్రము చేసి బోల్టు బిగించినచో, ప్రమాదవేళ ఆ బోల్టు కాగితమును చీల్చినట్లు రేకును చీల్చుకొని వచ్చును. రేకు వెనుక బలమైన ఉక్కుపలక నుంచి, ఆ పనియందు శిక్షణ కలవానిచేతనే చేయింపవలెను.

క్రొత్తబెల్టు బిగించునప్పుడు బోల్టును మొదట వ్రేళ్లతోనే నాలుగైదు చుట్లు త్రిప్పవలెను. తిన్నగ దిగనిదానిని పానాతో బలవంతముగ త్రిప్పినచో మరలు చెడును. పెట్టెను పాతది యెట్లున్నదో సరిగా అట్లే నిలువుగా నుంచవలెను. ఏలయన, దానిలోని గుండు నేలను బట్టియే పనిచేయును. పెట్టె ఒరిగినచో ఊరక బిగిసికొనును, లేదా అవసరమైనప్పుడు బిగియకపోవును. పట్టీ ఎచ్చటను మెలిపడరాదు. కొత్త నమూనా కార్లలో ప్రమాదమైన మరుక్షణమున పట్టీని బిగలాగుటకు చిన్న మందుగుండు అమర్చిన బెల్టులు కలవు. వానిని తెలియనివారు విప్పినచో ప్రేలవచ్చును. కావున అట్టివానిని శిక్షణ పొందిన పనివారికే విడువవలెను.

బిగించుట పూర్తి యైన వెంటనే పరీక్షింపవలెను. మెల్లగ లాగినచో పట్టీ సులభముగ రావలెను. చటుక్కున లాగినచో ఆగిపోవలెను. విడిచినచో తనంత తాను లోనికి పోవలెను. బకిలు టక్కుమని పట్టి, గుంజినను ఊడక, మీట నొక్కగనే విడివడవలెను. తరువాతి సంరక్షణము తేలికయైనది. మాసిన పట్టీని పలుచని సబ్బునీటితో తుడిచి నీడను ఆరబెట్టవలెను. బ్లీచింగు, రంగులు పోగులను పాడుచేయును కావున వాడరాదు.

సీటుకు బెల్టు అమర్చియున్న బండిలో ముందువారును, వెనుక సీట్లలో ముందునకు మొగముగ కూర్చున్నవారును దానిని ధరింపవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి విధించినది. 2019 సెప్టెంబరు 1 నుండి ధరింపనివారికి వేయి రూపాయల జరిమానా ఏర్పడినది. అయినను జరిమానాకు వెఱచి, బెల్టు పెట్టుకొనకయే హెచ్చరిక మ్రోత రాకుండ బకిలులో ఉత్త నాలుకను దోపువారు కలరు. వారు మోసగించునది పోలీసులను కాదు, తమ్ము తామే. కేంద్ర ప్రభుత్వ నివేదిక ననుసరించి 2022వ సంవత్సరమున మన దేశమున బెల్టు ధరింపక మరణించినవారు 16,715 మంది. వారిలో ఇంచుమించు సగము మంది చోదకులు కారు, ప్రయాణికులు. ఆ సంవత్సరముననే సెప్టెంబరు 4వ తేదీన మహారాష్ట్రములోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణించుచున్న కారు వంతెన గోడకు ఢీకొనెను. ముందు సీట్లలోని యిద్దఱును గాయములతో బయటపడిరి. బెల్టు ధరింపక వెనుక సీట్లలో కూర్చున్న మిస్త్రీయు, ఆయన మిత్రుడును మరణించిరి. వెనుక సీటు క్షేమమైనదను నమ్మకమును ఆ ప్రమాదము పటాపంచలు చేసినది.

పాతబండిని నడుపుట దోషము కాదు. దాని పాతదనమును ఎఱుగకుండుటయే దోషము. ఇంటిలో అట్టి బండి యున్నచో, పిల్లలైనను దాని బెల్టును ఒకసారి పూర్తిగా వెలికిలాగి, కొన మొదలు కొనదాక చేతితో తడవి, అంచులు చూచి, బకిలును పట్టించి విప్పి, చెడినదేదైన కనబడినచో పెద్దలకు తెలుపవచ్చును. దానికి రెండు నిమిషములు చాలును. మైపాడు ఒడ్డున లంగరు త్రాటిని సాగలాగి చూచు మత్స్యకారుడు వెచ్చించు కాలమును అంతియే. ఆ త్రాటిని చూడవలసినది ఒడ్డుననే కాని సంద్రములో కాదు.